బాలనర్సును కూర్చోబెట్టిన వారం

ఆదివారం

బుడమకాయా,

ఇవాళ నిన్ను బువ్వసావిడికి తెచ్చారు. నిన్నంటే నిన్ను కాదులే, నీ విగ్రహాన్ని. అందరూ బాలనర్సు విగ్రహం అంటున్నారు. తలుపులో పట్టలేదు. మన ఓదెలే, నీ పక్కన మంచు కోసినవాడు, మోకాళ్ళ దగ్గర మరలు వదులు చేసి, నిన్ను ఉడుములా మడిచి లోపలికి తోసి, మళ్ళీ నిలబెట్టాడు.

"అత్తా, నీ బిడ్డ సచ్చినంక గూడ ఒక్క తలుపుల నుంచి సక్కగ పోదు" అన్నాడు.

"బతికున్నప్పుడు ఏ తలుపు తెరిసిన్రని సక్కగ పోతది" అన్నాను.

విద్యాధర్ సారు రాతబడిలో రోజూ నాలుగు ముక్కలు రాసి తెమ్మన్నారు. ఎవరికి రాయాలి సారూ అంటే, ఎవరితో మాట్లాడాలనిపిస్తే వాళ్ళకి రాయమన్నారు. అందుకని నీకు రాస్తున్నాను. వత్తుల దగ్గర తప్పులుంటే నవ్వకు. నువ్వు వెళ్ళాకే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ముందే నేర్చుకుని ఉంటే నీకు బడాయి ఇంకా ఎక్కువయ్యేది.

నీ విగ్రహం గురించి చెబుతాను. మన అందరి చేతుల కడియాలూ కరిగించి, ఆ రేకుతో చేశారు. పుట్టగానే కంపెనీవాళ్ళు చేతికి తొడిగి, తలుపు తియ్యాలన్నా బువ్వ పెట్టాలన్నా దాన్నే అడిగిన కడియాలు. నాది మాత్రం ఇవ్వలేదు. పచ్చడి గురిగి కింద కుదురుగా పెట్టుకున్నాను, సరిగ్గా అమిరింది. ఇన్నేళ్ళకు అది ఒక మంచి పనికి వచ్చింది.

ముక్కు నిటారుగా పెట్టారు. చిన్నప్పుడు గాలిజాలి మీద పడి నీ ముక్కు ఒక పక్కకు తిరిగింది కదా, అది సరిచేసేశారు. గడ్డం పైకెత్తారు, కుడిచెయ్యి ఆకాశంలోకి చాపారు. ఏ ఆకాశమని అడగకు. మన గుమ్మటం అద్దంలోంచి చింతగింజంత సూర్యుడు కనబడతాడు చూడు, దానివైపే. నువ్వు చెయ్యెత్తడం నేను ఎరిగినంతలో ఎవరి నెత్తినో మొట్టడానికే.

ఈ విగ్రహం మాట్లాడుతుంది. ఎవరైనా ముందునుంచి వెళ్తే చాలు, మొదలుపెడుతుంది. విద్యాధర్ సారు పండుగ కమిటీకి పెద్ద కూడాను, ఆయనే చెప్పారు. వచ్చే ఆదివారం విడుదల పండుగనాడు దాని మాటకు ముద్ర వేస్తారట. ముద్ర పడ్డాక గుమ్మటం ఉన్నన్నాళ్ళూ అదే మాట, ఇక మార్చడానికి ఉండదు. కన్నతల్లి సరేనంటేనే ముద్ర.

ఇప్పుడు వినబడేది పెద్దలుండే పై గుమ్మటంలోని ఎవరో అమ్మాయి గొంతు. ఆదివారం నీ గొంతు పెడతారట. విచారణలో నువ్వు మాట్లాడిందంతా దాచి ఉంచారట.

"వింటావా అమ్మా?" అని సారు అడిగారు.

గోంగూరకు నీళ్ళు పెట్టాలి సారూ అని వచ్చేశాను. గోంగూరకు పొద్దున్నే పెట్టాను.

సోమవారం

బుడమకాయా, నీ విగ్రహం ఇవాళ కోళ్ళకు స్వాతంత్ర్యం ప్రకటించింది.

పెంటవ్వ వదినె సావిడిలో వంట చూస్తోంది కదా, తన కోళ్ళను పొయ్యి వెనక పెంచుతోంది. పొద్దున అవి వరసగా విగ్రహం ముందునుంచి నడిచాయి. వెంటనే అది అందుకుంది. "ఊపిరి ఒకరు మరొకరికి వేసే భిక్ష కాదు. అట్టి ఊపిరిని బంధించు అధికారం ఎవ్వరికినీ లేదు." కోళ్ళు ఆగి, తల పక్కకు వాల్చి, ఆసాంతం విన్నాయి. రాతబడిలో మేము కూడా అంత శ్రద్ధగా వినము.

"ఇగ వీటిని కొయ్యాల్నంటే నేను ఏ మొకం పెట్టుకోని కొయ్యాలె" అంది వదినె.

నవ్వుకుని గాలిజాలీలు కడగడానికి పోయాను. మధ్యాహ్నం వచ్చేసరికి నవ్వు పోయింది. పై గుమ్మటంలో అమరుల విగ్రహాలు ఉన్నాయట. అవి మాట్లాడితే అందరూ లేచి నిలబడటం అక్కడి ఆచారం. అక్కడవి తోటల్లో ఉంటాయి, ఎవరో ఎప్పుడో ఒకరు అటు వెళ్తారు. మన కమిటీవాళ్ళు నువ్వు గెలిచిన చోటనే పెట్టాలని, మంచి మనసుతోనే, నిన్ను బువ్వసావిడిలో పెట్టారు. ఆచారం కూడా వెంట తెచ్చారు. సావిడిలో మనిషి కదలని క్షణం ఉంటుందా? ఒకరు పప్పుకు లేస్తారు, విగ్రహం మాట్లాడుతుంది, అందరూ పళ్ళెం పట్టుకుని నిలబడతారు. కూర్చోబోతే ఆ కూర్చునే కదలికకు మళ్ళీ మొదలు.

ఇవాళ సావిడంతా నిలబడి అన్నం తింది. నువ్వు చూసి ఉంటే ఏమనేదానివో నాకు తెలుసు. అది పలక మీద రాసేది కాదు.

మంగళవారం

సారు నిన్నటి రాత చదివి, "నిలబడి తింటే అంత బాధ ఎందుకో మీరు రాయలేదు, కొత్తగా చదివేవాళ్ళకు తెలియదు కదా" అన్నారు. నీకు తెలిసిందే, అయినా రాస్తాను. చదువు కోసం అనుకో.

మా ముత్తవ్వలను భూమి నుంచి తెచ్చి ఈ మంచులో దింపిన నాటినుంచీ, కంపెనీవాళ్ళు మా పనిని సేవా ఒప్పందం అనేవారు. మేము వెట్టి అనేవాళ్ళం. తల్లి వెట్టి పిల్లకు వచ్చేది, పిల్లది దాని పిల్లకు. మంచు కొయ్యడం, దాన్ని కరిగించి నీళ్ళూ గాలీ చెయ్యడం, ఆ గాలిని కంపెనీ చేతినుంచి అడుక్కుని పీల్చడం. ఇదీ బతుకు.

బువ్వ బెల్టు మీద వచ్చేది. ఒక ఈల వేస్తే పళ్ళెం తీసుకోవాలి, రెండో ఈలకు తిరిగి పెట్టాలి. నిలబడే తినాలి. సావిడిలో పీటలు లేవు. కూర్చున్నవాళ్ళు లేవడానికి బద్ధకిస్తారని కంపెనీ లెక్క. పళ్ళేలన్నీ తిరిగి వస్తేనే బెల్టు కదిలేది, బెల్టు కదిలితేనే మంచుమరలు తిరిగేవి.

ఆ రోజు నువ్వు పళ్ళెం తీసుకున్నావు. కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నావు. చెంగు సర్దుకున్నావు, అదేదో పెళ్ళిబంతి అన్నట్టు. రెండో ఈల వేశారు. మేస్త్రీ వచ్చి "లే" అన్నాడు.

"తింటున్న గద సారూ. మూతి గడుక్కోని వస్త" అన్నావు.

తర్వాత మా వైపు తిరిగి, "మీరేంది కొంగల లెక్క నిలబడ్డరు. కూసోండ్రి. కడుపునిండ తినుండ్రి" అన్నావు.

ముందుగా కూర్చుంది నేను కాదు, పెంటవ్వ వదినె. ఆమె మోకాళ్ళ నొప్పులకు సాకు దొరికింది. తర్వాత నేను. తర్వాత అందరం. బెల్టు ఆగింది. మంచుమరలు ఆగాయి. పై గుమ్మటం పెద్దల స్నానాలకు నీళ్ళు ఆగాయి. మేము మెల్లగా, మెతుకు మెతుకూ నమిలి తిన్నాం. నా జన్మలో అన్నం రుచి తెలిసింది ఆ రోజే. ఉప్పు తక్కువైందని కూడా ఆ రోజే తెలిసింది.

ఇక చాలు. నిలబడి తింటే బాధ ఎందుకో సారుకు తెలిసి ఉంటుంది.

బుధవారం

సారుతో పోట్లాడాను. నువ్వు ఉంటే వెనక నిలబడి నా కొంగు లాగుతూ ఉండేదానివి, ఆపడానికి కాదు, ఎగదోయడానికి.

"సారూ, ఈ మాట నా బిడ్డది కాదు. మార్చుండ్రి" అన్నాను.

"ఆమెదే అమ్మా. విచారణలో అన్నది. ఒక్క అక్షరం నేను కలపలేదు."

"అట్టి అంటదా నా బిడ్డ? ఎవ్వరికినీ అంటదా? దాని నోట్ల నుంచి వస్తే బూతన్న రావాలె, సామెతన్న రావాలె."

సారు నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఆమె నా దగ్గర నేర్చుకుంది. విచారణకు ముందు మూడు వారాలు గనిలోంచి వచ్చి, ఆ దగ్గుతోనే, వాక్యాలు వల్లె వేసింది. వాళ్ళ భాషలో చెప్పకపోతే వాళ్ళు వినరని ఆమే అంది. మీరు ఒక్కసారి వింటే..."

"నాకు పనుంది సారూ."

బుడమకాయా, నీకు ఒక సంగతి చెప్పాలి. బెల్టు ఆగినదాని మీద పెట్టిన విచారణకు నేను రాలేకపోయాను. పై గుమ్మటం తలుపు నా కడియానికి తెరుచుకోలేదు. తలుపు దగ్గర నిలబడి చెయ్యి చాపుతూనే ఉన్నాను. నువ్వు అక్కడ ఏం మాట్లాడావో నాకు తెలియదు. వచ్చాక అడిగితే "ఏం లేదమ్మా, తినుడు గురించి మాట్లాడిన" అన్నావు. నేను అది వేళాకోళం అనుకున్నాను. ఆ తర్వాత మంచుపొడి దగ్గు నిన్ను మాట్లాడనివ్వలేదు. వెట్టి చెల్లదని తీర్పు వచ్చేనాటికి నువ్వు లేవు.

నీ గొంతు వింటే ఏమవుతానో నాకు తెలియదు. అందుకని వినకుండా పోట్లాడుతున్నాను. వినకుండా పోట్లాడటం మన ఇంటి పద్ధతే కదా.

గురువారం

ఇవాళ సావిడిలో మల్లారెడ్డిపల్లి తాత కిందపడ్డాడు. ఆయన ముత్తాత ఏ ఊరినుంచి వచ్చాడో ఆ ఊరిపేరే ఆయన పేరైపోయింది. వెట్టిలో నడుము విరిగిన మనిషి. కూర్చోమని మేము ఎంత చెప్పినా, "బాలనర్సు మాట్లాడంగ నేను కూసుంటనా" అని లేచాడు. పళ్ళెం ఒక పక్క, తాత ఒక పక్క. మీద అంబలి. పెద్ద దెబ్బ తగల్లేదు. అంబలి తుడుస్తుంటే ఆయన ఏడిచాడు, దెబ్బకు కాదు, నీ ముందు పడ్డానని.

పెంటవ్వ వదినెకు కోపం వచ్చింది. పొయ్యి గుడ్డ తీసి విగ్రహం కళ్ళకు కట్టేసింది. "సూడకుంటే మాట్లాడదు గద" అంది.

అదేమో కాసేపు ఊరుకుంది. తర్వాత బొయ్యిమని సన్నాయి మొదలైంది. ఓదెలు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అయ్యో అత్తా, కండ్లకు చీకటైతే పండుగ అయిపోయిందనుకుంటది. ముగింపు పాట పాడుతది."

"పాడనియ్యి. పాటకైతే నిలబడే పని లేదు గద?"

ఓదెలు తల గోక్కున్నాడు. "పాటకు నిలబడుడే గాదు, చెయ్యి గుండె మీద పెట్టుకోవాలె. పది చరణాలు."

ఆ పది చరణాలూ అందరం నిలబడ్డాం. ఒక చెయ్యి గుండె మీద, ఒక చేతిలో పళ్ళెం. ఇక ఏ చేత్తో తినాలో పాటలో చెప్పలేదు. కంపెనీ కూడా కనీసం ఒక చెయ్యి ఖాళీగా వదిలేది.

నవ్వు వచ్చింది. తర్వాత తాత మొహం చూసి నవ్వు ఆగిపోయింది. ముద్ర పడితే నీ పేరు మీద ఈ జనం కలకాలం నిలబడే తింటారు. పుట్టబోయే పిల్లలకు బాలనర్సు అంటే లేచి నిలబడమనే ఈల. అది మాత్రం జరగనివ్వను. రేపు వెళ్ళి నీ గొంతు వింటాను.

శుక్రవారం

విన్నాను.

రాతబడిలో సారు, నేను ఇద్దరమే. సారు నాకు పీట వేసి, తను కింద కూర్చున్నారు. "భయమైతే ఆపేస్తాను" అన్నారు. ఆపితే ఊరుకోనన్నాను.

మొదట దగ్గు వినబడింది. ఆ దగ్గుకే నా చెయ్యి నీ వీపు నిమరడానికి లేచింది. తర్వాత నువ్వు మాట్లాడావు. "ఊపిరి ఒకరు మరొకరికి వేసే భిక్ష కాదు. అట్టి ఊపిరిని బంధించు అధికారం ఎవ్వరికినీ లేదు." నీ గొంతే. నీ ముక్కు అడ్డం వచ్చే మాటే. ఎక్కడా తడబడకుండా, ఎంత బాగా అన్నావే. నేను కన్న నోట్లో అంత పెద్ద మాట ఉందని నాకు తెలియదు. సారుతో బుధవారం అన్నవన్నీ అక్కడే మనసులో వెనక్కి తీసుకున్నాను. పైకి మాత్రం అనలేదు, అలుసైపోతాను.

తర్వాత నువ్వు ఆగిపోయావు. కాగితం చప్పుడు. సారు మెల్లగా, "ఇక్కడినుంచి విగ్రహంలో పెట్టలేదు. సభకు తగదనుకున్నాను" అన్నారు.

నువ్వన్నావు, "అయ్యలారా, మీ మొకాలు వాడిపోయినయి. పొద్దుటి సంది కూసున్నరు, ఏం తినలే గద. మా అమ్మ అంటది, ఆకలి మీదున్నోళ్ళకు చెప్తే గోడకు చెప్పినట్టేనని. పోయి తినిరండ్రి. నేను యాడికి పోత, తలుపు నాకు తెరుసుకోదు గద."

ఎవరో నవ్వారు. కుర్చీలు జరిగాయి. అప్పుడు ఒక ముసలి గొంతు, న్యాయమూర్తి అట, "మరి నువ్వు తిన్నావా అమ్మా?" అని అడిగింది.

"మాకు ఈల ఊదితెనే తినుడయ్యా. ఇక్కడ ఎవలు ఊదలే."

"ఏం ఈల?" అన్నాడాయన.

నువ్వు చెప్పావు. బెల్టు, రెండు ఈలలు, పీటలు లేని సావిడి, మేస్త్రీ "లే" అనడం, నువ్వు మూతి కడుక్కుని వస్తాననడం. కుర్చీలు మళ్ళీ జరగలేదు. ఎవరూ భోజనానికి లేవలేదు. అన్నం పేరు ఎత్తితేనే వాళ్ళకు వెట్టి అంటే ఏమిటో అర్థమైందట. తీర్పులో మొదటి వాక్యం ఆ ఈల గురించేనట. సారు చెప్పారు.

తినుడు గురించి మాట్లాడిన, అన్నావు నాతో. నిజమే చెప్పావు. ఆ గోడ మాట మాత్రం నాదే. పొద్దున్నే నువ్వు తినకుండా నాతో వాదన పెట్టుకుంటే, నీ నోరు మూయించడానికి అనేదాన్ని. దాన్ని అంత దూరం మోసుకెళ్ళావా? తలుపు నన్ను రానివ్వలేదు కానీ, నా మాటను నువ్వు పైకి తీసుకుపోయావు.

చాలాసేపు ఏడ్చాను. సారు నీళ్ళిచ్చారు. ఇంకోసారి పెట్టమన్నాను.

శనివారం

కమిటీ ముందు కూర్చున్నాను. సరేనంటారా అని అడిగారు.

"అనను. రెండు పనులు జేస్తేనే అంట" అన్నాను.

ఒకటి, మాట మార్చాలి. కమిటీలో ఒకాయన, "మరి ఊపిరి మాట పోతుందే, అంత గొప్ప మాట" అని బాధపడ్డాడు. పోకూడదు అన్నాను. అది కూడా నా బిడ్డదే, దానికోసం దగ్గుతూ నేర్చుకుంది. రాతబడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, చదువు నేర్చుకునేవాళ్ళు రోజూ చూస్తారు.

"గోడకు చెప్పినట్టే" అని విద్యాధర్ సారు నవ్వారు. ఆయన నవ్వడం నేను మొదటిసారి చూశాను.

రెండోది చెప్పగానే అందరూ ఓదెలు వైపు చూశారు. ఓదెలు ఏమో విగ్రహం మోకాళ్ళ వైపు చూశాడు.

"అయితది" అన్నాడు. "లోపల మంచుమర కీళ్ళే. తలుపుల నుంచి తెచ్చినప్పుడు మడిసిన గద, గట్లనే మడుస్త. మోచెయ్యి గూడ వొంగుతది."

సాయంత్రందాకా పని చేశాడు. నిన్ను కింద కూర్చోబెట్టి బాసింపట్టు వేశాడు. ఆకాశంలోకి చాపిన చెయ్యి వంచితే వేళ్ళు సరిగ్గా మూతి దగ్గరికి వచ్చాయి, ముద్ద పెట్టుకుంటున్నట్టు. పెంటవ్వ వదినె ఒడిలో పళ్ళెం పెట్టింది. గడ్డం మాత్రం ఎత్తే ఉంది. అది ఉండనీ అన్నాను, ఉప్పు తక్కువైందని వంటవాళ్ళ వైపు చూస్తున్నట్టుంది. వదినె మొహం మాడ్చుకుంది.

ముక్కు కూడా కాస్త పక్కకు తిప్పమన్నాను. ఓదెలు సుత్తితో ఒక్కటేశాడు. నువ్వు వచ్చేశావు.

ఒక్కటే ఇబ్బంది. ఎడమ మోకాలి కింద ఎత్తు చాలక విగ్రహం ఊగుతోంది. ఓదెలు రేకు ముక్క కోసం వెతుకుతుంటే, నేను ఇంటికి వెళ్ళి గురిగి కింద కడియం తెచ్చి దోపాను. కుదురుకున్నావు.

ఆదివారం

విడుదల పండుగ అయింది. సావిడి నిండిపోయింది. జొన్నరొట్టె, గోంగూర పప్పు, వదినె ఎలాగో మొకం పెట్టుకుని కోసిన కోడి. ఓదెలు నీ గొంతు పెట్టాడు. నేను సరేనన్నాను. ముద్ర పడింది.

మల్లారెడ్డిపల్లి తాతను ముందుగా నడిపించాం. ఆయన రాగానే విగ్రహం గొంతు సవరించుకుంది, అదే దగ్గు. అది తీసెయ్యొద్దని నేనే చెప్పాను. సావిడంతా అలవాటుగా సగం లేచింది. తాత కూడా కర్ర మీద బలం వేశాడు.

"పోయి తినిరండ్రి" అన్నావు నువ్వు.

అందరూ సగంలో ఆగిపోయారు, లేవాలో కూర్చోవాలో తెలియక. ఏ పెద్దవాళ్ళూ ఏ విగ్రహం ముందూ అలా వంగి నిలబడి ఉండరు. ముందుగా కూర్చుంది ఈసారి కూడా పెంటవ్వ వదినే. తర్వాత తాత, నీ ఎదురుగా, కాళ్ళు బారచాపి. తర్వాత అందరం.

కోళ్ళు వచ్చినప్పుడు కూడా నువ్వు అదే అన్నావు. అవి విని, వెళ్ళి గింజలు తిన్నాయి.

నేను నీ పక్కన కూర్చున్నాను. రెండోసారి పప్పు వేయించుకున్నాను. ఇంట్లో పచ్చడి గురిగి ఇప్పుడు కుదురు లేక పక్కకు ఒరుగుతోంది. ఒరగనీ.

సారూ, ఇది దిద్దడానికి మీ దగ్గరికే వస్తుంది. మీరు మధ్యాహ్నం తినకుండా రాతలు దిద్దుతూ కూర్చుంటారని నాకు తెలుసు. వత్తులు ఎక్కడికీ పోవు, తర్వాత చూసుకోవచ్చు. ఇది చదివేది మీరైనా, ఇంకెవరైనా, ముందు కూర్చుని కడుపునిండా తినండి.